టోకెన్ ఒక సిస్టమ్‌లో పనిచేసి పక్క సిస్టమ్‌లో మొరాయిస్తే ఏం చేయాలి?

ప్రశ్న: తెనాలిలో మాది చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ. 12 సిస్టమ్‌లు, ఒక సర్వర్, అన్నీ ల్యాన్‌లోనే. ట్యాలీ సర్వర్‌లో ఉంటుంది, అందరం రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి వెళ్లి పనిచేసుకుంటాం. మా క్లయింటు ఒకాయన డిజిటల్ సిగ్నేచర్‌ని (టోకెన్ అనే యూఎస్‌బీ పరికరంలో ఉంటుంది) ఈమధ్య రెన్యువల్ చేయించాం. డౌన్‌లోడ్ చేసిన సిస్టమ్‌లో సంతకం బాగానే పడుతోంది. మిగతా వాటిలో కొన్నింట సర్టిఫికెట్ కనిపిస్తుంది గానీ, తెరిస్తే 'విండోస్ డజ్ నాట్ హ్యావ్ ఎనఫ్ ఇన్ఫర్మేషన్ టు వెరిఫై దిస్ సర్టిఫికెట్' అంటుంది. రెండింట్లో జీఎస్టీ సైటు ఈఎమ్‌సైనర్‌తో (సంతకానికి వాడే చిన్న ప్రోగ్రామ్) కనెక్షన్ కుదరలేదంటుంది. టోకెన్‌ని సర్వర్‌కి పెడితే రిమోట్‌లో అసలు కనిపించదు. చివరికి సర్టిఫికెట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి అన్ని సిస్టమ్‌లలో ఇంపోర్ట్ చేశాం. 'ది ఇంపోర్ట్ వాజ్ సక్సెస్‌ఫుల్' అని వచ్చింది, సంతకం మాత్రం పడలేదు. అన్నింట్లో ఒకేసారి ఇన్‌స్టాల్ చేసే దారేమైనా ఉందా?

సమాధానం: ముందు ఆ ఎక్స్‌పోర్ట్ సంగతి చూద్దాం, మిగతా చిక్కుల్లో సగం దానివల్ల ఇంకా ముదిరి ఉంటాయి.

మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో క్లయింటు పేరు, సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ, జారీ చేసిన సంస్థ పేరు, గడువు తేదీలు ఉంటాయి. సంతకం పెట్టే ప్రైవేట్ కీ అందులో ఉండదు. అది టోకెన్ చిప్‌లోనే పుట్టింది, అక్కడి నుంచి బయటికి రాదు. మన దేశంలో ఈ సర్టిఫికెట్లను ఎఫ్‌ఐపీఎస్ 140-2 లెవెల్ 2 అనే భద్రతా ప్రమాణానికి తగిన టోకెన్‌లోనే ఇవ్వాలన్న నిబంధన పెట్టింది అందుకే. కాబట్టి ఆ ఫైలును పన్నెండు సిస్టమ్‌లలోకి ఎక్కించినా ఒక్కదానికీ సంతకం పెట్టే శక్తి రాదు. 'సక్సెస్‌ఫుల్' అన్నమాట అబద్ధం కాదు. ఫైలు ఏదో ఒక ఫోల్డర్‌లోకి చేరిందని మాత్రమే దానర్థం. సరైన ఫోల్డర్‌లోకి చేరిందా, కీ దొరికిందా అన్నది ఆ మెసేజీ చూసుకోదు.

పైగా ఈ కీ లేని కాపీలు ఊరికే పడి ఉండవు. ఆ తర్వాత అసలు టోకెన్ పెట్టినప్పుడు విండోస్ పాత కాపీనే పట్టుకుని వేలాడుతుంది, సంతకం దగ్గర 'కీసెట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని ఆగిపోతుంది. అందుకని మొదట శుభ్రం చేయండి. టోకెన్ తీసేసి, స్టార్ట్ మెనూలో 'మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్' అని వెతికి తెరవండి. పర్సనల్, దాని కింద సర్టిఫికెట్స్. అక్కడ క్లయింటు పేరుతో ఉన్నవాటిని డబుల్ క్లిక్ చేస్తే జనరల్ పేజీ అడుగున చిన్న తాళంచెవి బొమ్మ, ప్రైవేట్ కీ ఉందని చెప్పే లైను కనిపించాలి. అవి లేనివి మీరు ఇంపోర్ట్ చేసిన కాపీలు, నిర్భయంగా తీసేయండి. ఇదంతా విండోస్ లిస్టులో తీసేయడమే, టోకెన్‌లోని అసలుకు ఏమీ కాదు. 'ట్రస్టెడ్ రూట్' ఫోల్డర్‌లో కూడా ఒకసారి చూడండి. మనిషి పేరున్న సర్టిఫికెట్‌ని తెలియక అక్కడ పడేసిన ఆఫీసులు చాలా ఉన్నాయి. ఉంటే అక్కడా తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం. ఒక సిస్టమ్‌లో సంతకం పడాలంటే మూడు వేర్వేరు సరుకులు ఉండాలి: ఆ బ్రాండు టోకెన్ డ్రైవర్, సర్టిఫికెట్ పైన ఉండే గొలుసు, సైటుకీ టోకెన్‌కీ మధ్య మాట్లాడే ఈఎమ్‌సైనర్ లాంటి యుటిలిటీ. మీరు రాసిన చిక్కులు మూడూ మూడు చోట్లవి. అన్నింటికీ కలిపి ఒకే మందు వెతకడం వల్లే ఇన్ని రోజులు తిరిగారు.

'ఎనఫ్ ఇన్ఫర్మేషన్' లేదన్నది గొలుసు సమస్య. మన దగ్గర ఈ వ్యవస్థ 2000 నాటి ఐటీ చట్టం కింద నడుస్తుంది. పైన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, అంటే సీసీఏ, రూట్‌గా ఉంటుంది. దాని కింద లైసెన్సు పొందిన సంస్థ, దాని కింద ఆ సంస్థ తాలూకు సబ్ సీఏ, చివర మీ క్లయింటు. కింది సర్టిఫికెట్‌ని నమ్మాలంటే పైవి మూడూ ఆ సిస్టమ్‌లో ఉండాలి. గెజిటెడ్ ఆఫీసరు అటెస్ట్ చేసిన కాగితం తెచ్చినా, ఆ ఆఫీసరు ఎవరో కౌంటర్లో ఉన్నాయనకు తెలియకపోతే పక్కన పెట్టేస్తాడు చూడండి, విండోస్ చేసేదీ అదే.

మరి డౌన్‌లోడ్ చేసిన సిస్టమ్‌లో ఎందుకు పనిచేస్తోంది? డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంస్థ సాఫ్ట్‌వేరు చాలాసార్లు గొలుసును కూడా అక్కడే ఎక్కించేస్తుంది. మిగతా సిస్టమ్‌లకు ఆ సంగతే తెలియదు. పాతవాటిలో సీసీఏ ఇండియా 2014 అన్న రూట్ ఉండి ఉండొచ్చు, కానీ దాని గడువు 2024 మార్చిలో తీరిపోయింది. ఇప్పుడు నడుస్తున్న సర్టిఫికెట్లు సీసీఏ ఇండియా 2022 కిందవి. రెన్యువల్ వేరే సంస్థ దగ్గర చేయించి ఉంటే మధ్యలో ఉండే రెండూ కూడా మారిపోతాయి. 'కొన్నింట్లో' మాత్రమే ఈ గొడవ రావడానికి ఇంకో కారణం ఉంది. సర్టిఫికెట్‌లోనే పైదాన్ని ఎక్కడ దొరకబుచ్చుకోవాలో అడ్రసు రాసి ఉంటే విండోస్ నెట్‌లోంచి తనంతట తనే తెచ్చుకోగలదు. ఫైర్‌వాల్ గానీ ప్రాక్సీ (నెట్‌కీ మీకూ మధ్యవర్తిగా ఉండే సర్వర్) గానీ ఆ అడ్రసును ఆపితే తెచ్చుకోలేదు. ఈ ఫైళ్లు సాధారణంగా మామూలు హెచ్‌టీటీపీ మీద, అంటే పోర్ట్ 80 (పోర్టంటే నెట్‌వర్క్‌లో ఒక్కో రకం రాకపోకలకు ఉండే అంకెల తలుపు) మీద వస్తాయి. 'సేఫ్టీ' పేరుతో హెచ్‌టీటీపీఎస్ వాడే 443 తప్ప మిగతావన్నీ మూసేసిన ఆఫీసుల్లో ఇది ఖాయంగా తగులుకుంటుంది.

పని చేస్తున్న సిస్టమ్‌లో టోకెన్ పెట్టి, సర్టిఫికెట్ తెరిచి, 'సర్టిఫికేషన్ పాత్' పేజీకి వెళ్లండి. పైనుంచి కిందికి నాలుగు పేర్లు కనిపిస్తాయి. పై మూడింటిలో ఒక్కొక్కదాన్నీ ఎంచుకుని 'వ్యూ సర్టిఫికెట్', తర్వాత 'డీటెయిల్స్', తర్వాత 'కాపీ టు ఫైల్' నొక్కి విడివిడిగా సేవ్ చేసుకోండి. మూడింటినీ కలిపి ఒకే ఫైలుగా తీసే వీలు కూడా ఉంది గానీ దాన్ని వాడొద్దు. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఫోల్డర్ ఒకటి ఎంచుకుంటే మూడూ అందులోనే పడతాయి, రూట్ ఉండాల్సిన చోటు వేరు, మిగతావి ఉండాల్సిన చోటు వేరు. ఈ మూడు ఫైళ్లలో రహస్యమేమీ లేదు. సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టేయొచ్చు.

మిగతా ప్రతి సిస్టమ్‌లోనూ అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి రూట్ ఫైలు మీద డబుల్ క్లిక్, 'ఇన్‌స్టాల్ సర్టిఫికెట్'. మొదటి పేజీలోనే 'కరెంట్ యూజర్', 'లోకల్ మెషీన్' అని రెండుంటాయి. మామూలుగా మొదటిదే టిక్ అయి ఉంటుంది, అందరూ నెక్స్ట్ కొట్టేస్తారు. అలా చేస్తే ఆ లాగిన్‌కు ఒక్కదానికే ఎక్కుతుంది. పొద్దున షిఫ్ట్ అమ్మాయికి పనిచేసి, అదే సిస్టమ్‌లో సాయంత్రం ఇంకో లాగిన్‌తో కూర్చున్న అబ్బాయికి పనిచేయకపోవడం ఇలాగే వస్తుంది. 'లోకల్ మెషీన్' ఎంచుకోండి. తర్వాతి పేజీలో ఫోల్డర్‌ను విండోస్‌నే ఎంచుకోమనే ఆప్షన్ జోలికి వెళ్లొద్దు, రూట్‌ని అది తప్పు ఫోల్డర్‌లో పడేయొచ్చు. రెండోది ఎంచుకుని, బ్రౌజ్ నొక్కి, రూట్‌ని 'ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్'లోకి పంపండి. మధ్య రెండింటినీ ఇదే పద్ధతిలో 'ఇంటర్మీడియట్ సర్టిఫికేషన్ అథారిటీస్'లోకి పంపండి. పని అయ్యాక టోకెన్ తీసి మళ్లీ పెట్టి, సర్టిఫికెట్ తెరిచి, పాత్ పేజీ అడుగున 'దిస్ సర్టిఫికెట్ ఈజ్ ఓకే' అని ఉందో లేదో చూడండి.

ఇంకో మెసేజీ కూడా ఎదురవ్వొచ్చు, 'దిస్ సీఏ రూట్ సర్టిఫికెట్ ఈజ్ నాట్ ట్రస్టెడ్' అని. దీనికీ మీకు వచ్చినదానికీ తేడా ఉంది. పైవాళ్లెవరో దొరకలేదన్నది మీది. దొరికారు గానీ నమ్మకమైన చోట లేరన్నది ఇది. ఇది వస్తే మధ్యవి బాగానే ఉన్నాయని, రూట్ ఒక్కటే తప్పు ఫోల్డర్‌లో ఉందని తెలుసుకోవాలి.

ఒకేసారి అన్నింట్లో ఎక్కించే దారి అడిగారు. మీ సర్వర్ డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు సిస్టమ్‌లన్నింటినీ ఒకచోటి నుంచి నడిపేది) అయి, సిస్టమ్‌లన్నీ డొమైన్‌లో చేరి ఉంటే ఉంది. గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, పాలసీస్, విండోస్ సెట్టింగ్స్, సెక్యూరిటీ సెట్టింగ్స్, పబ్లిక్ కీ పాలసీస్ వరకు వెళ్తే ఆ రెండు ఫోల్డర్ల పేర్లూ కనిపిస్తాయి. అక్కడ ఇంపోర్ట్ చేస్తే పాలసీ అందిన ప్రతి సిస్టమ్‌లోనూ లోకల్ మెషీన్‌లోకే చేరుతుంది. మీరు రాసిన తీరు చూస్తే ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమే విడిగా ఉండే వర్క్‌గ్రూప్ ఆఫీసులా ఉంది. అలాగైతే 12 సిస్టమ్‌లకూ ఒక్కొక్కదాని దగ్గర కూర్చుని చేయడమే మేలు. ఒక్కోదానికి ఐదు నిమిషాల పని, దీనికోసం డొమైన్ పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. రూట్ ఫైలును వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారని, యూట్యూబ్ వీడియో కింద లింకు ఉందని దించుకోవద్దు. ట్రస్టెడ్ రూట్‌లో ఏది పెడితే దాని కింద పుట్టిన ప్రతి సర్టిఫికెట్‌నీ మీ సిస్టమ్ నమ్ముతుంది, వెబ్‌సైట్లతో సహా. ఇది ఉత్త భయం కాదు. 2014 జులైలో సీసీఏ కింద ఉన్న ఎన్‌ఐసీ (ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) సర్టిఫయింగ్ అథారిటీ నుంచి గూగుల్ డొమైన్ల పేరుతో అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. సీసీఏ ఆ ఎన్‌ఐసీ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లనే రద్దు చేయాల్సి వచ్చింది. అసలైన రూట్ కిందే అలా జరిగితే నకిలీ రూట్ గురించి చెప్పేదేముంది. సీసీఏ వెబ్‌సైట్ నుంచే రూట్ దించుకుని, డీటెయిల్స్ పేజీలో ఉండే 'థంబ్‌ప్రింట్' అంకెల్ని మీరు ఎక్స్‌పోర్ట్ చేసినదానితో పోల్చి చూడండి. రెండూ అక్షరం అక్షరం కలవాలి. ఇంకా గట్టిగా ఉండాలంటే, 'మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్'లో ఆ రూట్ ప్రాపర్టీస్ తెరిచి, 'ఎనేబుల్ ఓన్లీ ది ఫాలోయింగ్ పర్పసెస్' పెట్టి, అందులో 'సర్వర్ ఆథెంటికేషన్' ఒక్కటీ తీసేయొచ్చు. సంతకాలకు అది అక్కర్లేదు.

టోకెన్ పెట్టినా సర్టిఫికెట్ పేరే కనిపించని సిస్టమ్ ఏదైనా ఉంటే అది డ్రైవర్ సమస్య. ఈపాస్ 2003, ప్రాక్స్‌కీ, ఎంటోకెన్ ఒక్కోదానికి దాని సాఫ్ట్‌వేరు వేరు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. మూడు బ్రాండులవీ ఒకే సిస్టమ్‌లో ఉంటే ఫర్వాలేదు. ఒకే బ్రాండుది పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ ఉంటేనే తగాదా. అలాంటప్పుడు రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, టోకెన్ బయటే ఉంచి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో కొత్తది ఎక్కించి, అది పూర్తయ్యాకే టోకెన్ పెట్టండి. 'సర్వీసెస్'లో 'స్మార్ట్ కార్డ్', 'సర్టిఫికెట్ ప్రాపగేషన్' అనేవి రెండూ నడుస్తున్నాయో లేదో చూడండి. మొదటిది టోకెన్‌తో మాట్లాడేది, రెండోది టోకెన్‌లోని సర్టిఫికెట్‌ని మీ పర్సనల్ ఫోల్డర్‌లో చూపించేది. కంప్యూటర్ వేగం పెంచుతామని సర్వీసులన్నీ ఆపేసే 'క్లీనర్' సాఫ్ట్‌వేర్లు ముందుగా వీటినే ఆపుతుంటాయి. రెండింటినీ ఆటోమేటిక్‌లో పెట్టండి. ముందువైపు యూఎస్‌బీ పోర్టులు, పొడుగు ఎక్స్‌టెన్షన్ వైర్లు వదిలి వెనక మదర్‌బోర్డు పోర్టులో ఒకసారి పెట్టి చూడండి.

సర్వర్ సంగతికి వద్దాం. టోకెన్ సర్వర్‌కి పెట్టి ఉంది, మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నారు, కనిపించడం లేదు. ఏదీ చెడిపోలేదు, విండోస్‌ని అలా కట్టారు. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో ఉన్నప్పుడు స్మార్ట్ కార్డ్ కోసం విండోస్ సర్వర్ పోర్టుల వైపు చూడదు, మీరు కూర్చున్న సిస్టమ్ వైపు చూస్తుంది. సర్వర్ గదిలోకి వెళ్లి దాని కీబోర్డు ముందు కూర్చుంటే అదే టోకెన్ చక్కగా కనిపిస్తుంది.

కాబట్టి టోకెన్ మీ ముందున్న సిస్టమ్‌కి పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ కిటికీలో 'షో ఆప్షన్స్', 'లోకల్ రిసోర్సెస్', అడుగున 'మోర్', అక్కడ 'స్మార్ట్ కార్డ్స్' టిక్ చేసి ఆ తర్వాత కనెక్ట్ అవ్వండి. అప్పటికే కనెక్ట్ అయి ఉంటే డిస్కనెక్ట్ చేసి మళ్లీ వెళ్లాలి, మధ్యలో టిక్ చేస్తే పట్టదు. ఆ టోకెన్ బ్రాండు సాఫ్ట్‌వేరు సర్వర్‌లోనూ ఉండాలి, ఎందుకంటే చదివేది సర్వర్ మీది ప్రోగ్రామే. ఇన్నీ చేసినా రాకపోతే సర్వర్ గ్రూప్ పాలసీలో స్మార్ట్ కార్డ్ రీడైరెక్షన్‌ని ఎవరైనా ఆపారేమో చూడండి. స్మార్ట్ కార్డ్ రూపంలో కాకుండా వేరే రకం పరికరంగా విండోస్‌కి పరిచయమయ్యే టోకెన్లు కొన్ని ఉన్నాయి. అవి ఈ దారిన దాటవు.

ఇంత చెప్పాక కూడా, రిమోట్‌లో సంతకాలు పెట్టొద్దనే మా సలహా. కారణం ఈఎమ్‌సైనర్. అది ప్రతి సిస్టమ్‌లోనూ 127.0.0.1 అనే సొంత అడ్రసు మీద ఒక పోర్టు తెరిచి కూర్చుంటుంది, బ్రౌజర్ వచ్చి దాన్ని తడుతుంది. సర్వర్‌లో ఒకేసారి ఆరుగురు రిమోట్ సెషన్లలో ఉన్నా ఆ అడ్రసు అందరికీ ఒక్కటే. ముందు తెరిచినవాళ్ల ఈఎమ్‌సైనర్ పోర్టును ఆక్రమిస్తుంది. తర్వాతివాళ్ల బ్రౌజర్ వెళ్లి తట్టేది దాన్నే. అప్పుడు మీ కిటికీలో మీ టోకెన్ బదులు ఖాళీ లిస్టు కనిపించొచ్చు, లేదా పక్క సీటులో వాళ్లు పెట్టిన ఇంకో క్లయింటు పేరు కనిపించొచ్చు. ఈ రెండోది ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. ట్యాలీ సర్వర్‌లోనే ఉండనివ్వండి. సంతకాలకు మాత్రం ఒకటో రెండో మామూలు సిస్టమ్‌లను కేటాయించి, డ్రైవర్లు, గొలుసులు, యుటిలిటీలు వాటిలోనే ఎప్పటికప్పుడు చూసుకోండి. 12 సిస్టమ్‌లలోనూ అన్నీ పనిచేయాలన్న పట్టుదల అవసరమే లేదు.

జీఎస్టీ సైటు ఈఎమ్‌సైనర్‌ని కలవలేకపోతున్న ఆ రెండు సిస్టమ్‌లలో ఇలా చూడండి. కుడివైపు కింద గడియారం పక్కన ఈఎమ్‌సైనర్ గుర్తు ఉందా? లేకపోతే 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరవండి. ఉంటే పోర్టు చూడాలి. ఈఎమ్‌సైనర్ మామూలుగా వాడుకునేది 1585. స్టార్ట్ మెనూలో 'రిసోర్స్ మానిటర్' తెరిచి, నెట్‌వర్క్ పేజీలో 'లిజనింగ్ పోర్ట్స్' లిస్టులో 1585 పక్కన ఏ ప్రోగ్రామ్ పేరుందో చూడండి. వేరే సైటు కోసం ఎప్పుడో ఎక్కించిన ఇంకో సైనర్, లేదా ఇదే ఈఎమ్‌సైనర్ పాత వెర్షన్ అక్కడ కూర్చుని ఉండటం తరచూ జరిగేదే. దాన్ని ఆపి, అక్కర్లేకపోతే తీసేసి, మళ్లీ ప్రయత్నించండి.

పోర్టు సరిగానే ఉండి కూడా కలవకపోతే, బ్రౌజర్ అడ్రసు పట్టీలో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి 127.0.0.1:1585 కొట్టండి. భద్రత లేదన్న హెచ్చరిక వస్తే 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకు వెళ్లండి. ఆ యుటిలిటీ సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ని బ్రౌజర్ నమ్మనందుకు వచ్చే అడ్డు అది. మీ సిస్టమ్ తనతో తనే మాట్లాడుకుంటోంది గనక ఇక్కడ ఒక్కచోట ముందుకెళ్లినా తప్పు లేదు. బ్యాంకు సైటులోనో పోర్టల్‌లోనో అదే హెచ్చరిక వస్తే మాత్రం ఎప్పుడూ ముందుకు వెళ్లొద్దని స్టాఫ్‌కి గట్టిగా చెప్పండి. ఒకచోట అలవాటైన వేలు రెండోచోట ఆగదు.

క్రోమ్ వాడుతుంటే ఇంకో కొత్త అడ్డు. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, ఒక వెబ్‌సైటు మీ సిస్టమ్‌లోని ప్రోగ్రామ్‌తోనో ల్యాన్‌లోని పరికరంతోనో మాట్లాడబోతే ముందు మీ అనుమతి అడగడం మొదలైంది. ఏమిటో తెలియక ఎవరో 'బ్లాక్' నొక్కేసి ఉంటే ఆ తర్వాత మళ్లీ అడగదు. అడ్రసు పట్టీకి ఎడమవైపు గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్‌ని 'అలో' చేయండి. ఆఫీసులో ప్రాక్సీ ఉంటే 127.0.0.1నీ, లోకల్‌హోస్ట్‌నీ మినహాయింపుల లిస్టులో స్వయంగా రాయండి. లేకపోతే కొన్ని సెట్టింగుల్లో బ్రౌజర్ ఆ అడ్రసును ప్రాక్సీ దగ్గరికి పంపొచ్చు, అప్పుడు ప్రాక్సీ తనలో వెతుక్కుని లేదంటుంది. యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఉంటే దానిలోనూ ఇవే మినహాయింపులు. యాంటీవైరస్ మొత్తాన్ని ఆపి వదిలేయకండి.

గడియారం కూడా ఒకసారి చూడండి. తేదీ వెనక్కి పోయిన సిస్టమ్‌లో నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ 'ఇంకా అమల్లోకి రాలేదు' అని చూపిస్తుంది. ఆపినప్పుడల్లా తేదీ మారిపోతుంటే మదర్‌బోర్డు మీద ఉండే బ్యాటరీ, చాలావాటిలో సీఆర్ 2032, మార్చాలి. డొమైన్ ఉన్నచోట సిస్టమ్‌లు సర్వర్ నుంచే టైమ్ తీసుకుంటాయి గనక సర్వర్‌ది తప్పితే అన్నీ తప్పుతాయి.

సంతకం పడిన పీడీఎఫ్‌ను వేరే సిస్టమ్‌లో తెరిస్తే పసుపు ప్రశ్నార్థకం వస్తోందని కూడా కొందరు అడుగుతుంటారు, మీకూ రాబోతుంది. సంతకం చెల్లదని కాదు, అడోబ్ రీడర్ విండోస్ లిస్టు కాకుండా సొంత లిస్టు చూసుకుంటోందని. ఎడిట్, ప్రిఫరెన్సెస్, సిగ్నేచర్స్, వెరిఫికేషన్ పక్కన 'మోర్', అక్కడ 'విండోస్ ఇంటిగ్రేషన్' కింద 'వ్యాలిడేటింగ్ సిగ్నేచర్స్' టిక్ చేస్తే, మీరు పైన ఎక్కించిన గొలుసునే అదీ వాడుకుంటుంది.

ఇవన్నీ సరిచేసే హడావిడిలో టోకెన్ సాఫ్ట్‌వేరులో 'ఇనిషియలైజ్', 'ఫార్మాట్' అన్న బటన్లు కనిపిస్తాయి. వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు. పర్సనల్ ఫోల్డర్‌లో డిలీట్ చేస్తే కాపీ పోతుంది. టోకెన్ సాఫ్ట్‌వేరులో డిలీట్ చేస్తే కీ పోతుంది, ఇక తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు, డబ్బు కట్టి కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. పిన్ కూడా ఊహించి కొట్టొద్దు. కొన్నిసార్లు వరసగా తప్పితే టోకెన్ లాక్ అయిపోతుంది. లాక్ అయితే జారీ చేసిన సంస్థ సపోర్టుకే ఫోన్ చేయండి. క్లయింట్ల టోకెన్లన్నీ ఒకే డ్రాయర్‌లో, పిన్‌లు వాటి మీదే స్టిక్కర్ వేసి పెట్టే అలవాటు మన కన్సల్టెన్సీల్లో ఉంది. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీ తన అదుపులోంచి పోకుండా చూసుకోవాల్సింది ఆ సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వాళ్లు. రేపు తేడా వస్తే మొదట ఇబ్బంది పడేది మీ క్లయింటే. కనీసం పిన్ ఆయన దగ్గరే ఉంచి, సంతకం వేళకు ఆయన్నే వచ్చి కొట్టమనండి.

అన్ని సిస్టమ్‌లలో 'ఓకే' వచ్చాక కూడా పోర్టల్ ఒప్పుకోకపోతే, ఇక ఇన్‌స్టలేషన్ వైపు చూడకండి. రెన్యువల్ అంటే అది పాతదాని పొడిగింపు కాదు, కొత్త సర్టిఫికెట్. జీఎస్టీలో 'అప్‌డేట్ డీఎస్‌సీ' (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) చేయాలి, ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రొఫైల్‌లోంచి మళ్లీ రిజిస్టర్ చేయాలి, కంపెనీ డైరెక్టరయితే ఎంసీఏలోనూ (కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్) అంతే. అక్కడ 'పాన్ మిస్‌మ్యాచ్' అని వస్తే సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఇచ్చిన పాన్, పోర్టల్‌లో ఉన్న పాన్ వేరన్నమాట. అది మీ ఆఫీసులో సరయ్యేది కాదు, జారీ చేసిన సంస్థ దగ్గరే సరిచేయించుకోవాలి. టెండర్ల కోసం సంతకం, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉన్న టోకెన్ తీసుకున్న క్లయింటయితే లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది. డీటెయిల్స్ పేజీలో 'కీ యూసేజ్' అన్నచోట 'డిజిటల్ సిగ్నేచర్' అని ఉన్నదే రిటర్న్‌లకు. 'కీ ఎన్‌సైఫర్‌మెంట్' మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకుంటే ఎన్నిసార్లు నొక్కినా సంతకం పడదు.